గణతంత్రానికి గైర్హాజరు

దేశాలు యుద్ధాల్లో పుడతాయని కొందరంటారు. ఒప్పందాల్లో పుడతాయని ఇంకొందరంటారు. మహానుభావుల త్యాగాల్లో పుడతాయని పాఠ్యపుస్తకాలు నూరిపోస్తాయి. ఇవన్నీ అపోహలే. దేశాలు హాజరు పట్టీలో పుడతాయి. పట్టీలో సంతకం లేని దేశం ఎంత పొడుగు కర్రకు జెండా ఎగరేసినా, అది సెలవు చీటీ పెట్టకుండా ఇంట్లో కూర్చున్న ఉద్యోగితో సమానం.

ఈ సత్యం ఆ గణతంత్రంలో ఒక్కరికే తెలుసు. ఆయన సచివాలయం నేల అంతస్తులో, మెట్ల కింద ఇరుకు గదిలో, హాజరు విభాగం గుమాస్తా. కార్యాలయం పదింటికి మొదలవుతుంది. దయతలచి పది నిమిషాలు ఇస్తారు. పదీ పది కాగానే ఆయన చెక్క స్కేలు తీసి, చివరి సంతకం కింద ఎర్ర సిరాతో గీత గీసి, సంతకం లేని పేర్ల పక్కన 'గైర్హాజరు' అని గుండ్రటి అక్షరాలతో రాసి రిజిస్టరు మూసేస్తాడు. పాతికేళ్ళలో ఏడు ప్రభుత్వాలు మారాయి. గీత మాత్రం పదీ పదికే పడింది. అందుకే ఆయన్ని అందరూ 'పదీ పది గారు' అంటారు. అసలు పేరు జీతాల విభాగానికి తెలుసునని వినికిడి.

ఆయన తన పనిని ప్రేమించాడు. ప్రేమించాడనే చెప్పాలి, వేరే మాట చాలదు. 'ఆలస్యం అమృతం విషం' అన్న సామెతను ఆయన సామెతగా కాక సర్క్యులర్‌గా భావించేవాడు.

ఇలా ఉండగా గణతంత్రానికి పాతికేళ్ళు నిండబోతున్నాయని ఎవరో గుర్తు చేశారు. వెంటనే ప్రభుత్వం 'పాతికేళ్ళ మైలురాళ్ళు' అనే పుస్తకం వేయాలని నిశ్చయించి, అందుకు 'ఘన ఘట్టాల నిర్ధారణ సంఘం' నియమించింది. ప్రతి మైలురాయికీ అసలు పత్రం ఒకటి, నకళ్ళు మూడు జతపరచాలని నిబంధన. (పత్రం లేని ఘట్టం ఎంత ఘనమైనా జరగనట్టే.)

సంఘానికి ఆదిలోనే హంసపాదు పడింది. మొదటి ఎన్నికలు జరిగాయనడానికి ఊరూరా సాక్షులున్నారు గాని, పత్రాలన్నీ ఓ బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తాళంచెవి, మొదటి శాంతియుత అధికార మార్పిడి సమయంలో, ఓడిపోయిన ప్రధాని తన కళ్ళజోడు పెట్టెతో పాటు పొరపాటున ఇంటికి పట్టుకుపోయాడు. గెలిచినాయన అడగడం మర్యాద కాదనుకున్నాడు. ఐదేళ్ళు ఆ బీరువా మీద ఫ్లాస్కు పెట్టుకుని పరిపాలించాడు. ఆ తర్వాత వచ్చిన పదిహేడు పార్టీల సంకీర్ణానికి తాళం పగలగొట్టే ధైర్యం ఉంది గాని, ఎవరు పగలగొట్టాలనే దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు. ఇక పదకొండు నెలల 'తాత్కాలిక నిశ్శబ్ద కాలం' గురించి పత్రాలు దొరకవలసిన అవసరమే లేకపోయింది. అప్పట్లో పత్రికలు రైళ్ళ వేళలు తప్ప మరేమీ అచ్చు వేయలేదు. (రైళ్ళు అప్పుడూ ఆ వేళలకు రాలేదు.)

సరే, మిగతావి తర్వాత చూద్దాం, ముందు మొదటి మైలురాయి తేల్చేద్దాం అనుకుంది సంఘం. అంటే గణతంత్రం ఆవిర్భవించిన రోజు. ఆ రోజు హాజరు పట్టీ కావాలని మెట్ల కింద గదికి చీటీ వచ్చింది. పదీ పది గారు పాతికేళ్ళ నాటి రిజిస్టరును పొడిబట్టతో తుడిచి, పసిబిడ్డను తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకుని మూడో అంతస్తుకు తెచ్చాడు. సంఘం కార్యదర్శిగా ఉన్న మేడమ్ మొదటి పేజీ తెరిచింది. మొదటి వరుసలో గణతంత్ర స్థాపకుడు, తొలి దేశాధినేత, జనమంతా 'పెద్దాయన' అని పిలుచుకునే మనిషి పేరుంది. పేరు పక్కన సంతకం లేదు. ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో 'గైర్హాజరు' అని ఉంది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అక్షరాలు మారలేదు.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనే మేడమ్. అప్పుడు చేతిరాత ఇంకా బాగుండేది."

"ఆ టైముకి ఆయన ఎదురుగా మైదానంలో ప్రమాణం చేస్తున్నారు కదా?"

"చేస్తూ ఉండొచ్చు మేడమ్. నేను చూళ్ళేదు. రిజిస్టరు దగ్గరున్నాను."

"లక్షమంది చూశారు."

"వాళ్ళెవరూ సంతకం పెట్టలేదు మేడమ్," అన్నాడు పదీ పది గారు వినయంగా.

జరిగిందేమిటంటే, రాజ్యాంగం రాసినవాళ్ళు చివరి వారంలో బాగా తొందరలో ఉండి, పాత పాలన నాటి కార్యాలయ నియమావళిని ఒకే ఒక్క వాక్యంతో ఉన్నదున్నట్టు స్వీకరించారు. అందులో నాలుగో నియమం ప్రకారం, ఖజానా నుంచి జీతం తీసుకునే ప్రతివారూ, చిన్నా పెద్దా తేడా లేకుండా, పదీ పది లోపు సంతకం చేయాలి. పెద్దాయన కార్యక్రమం ప్రకారం తొమ్మిదిన్నరకు ప్రమాణం, పది నిమిషాల ప్రసంగం, పదింటికి సంతకం. పది నిమిషాల ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ మెట్ల కింద గదికి వచ్చేసరికి పదీ పాతిక. అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రవాడైన పదీ పది గారికి ఉద్యోగంలో అదే మొదటి రోజు. "పదీ పది దాటిందండీ," అన్నాడు. పెద్దాయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వి, భుజం తట్టి, "నీలాంటి వాళ్ళుంటే ఈ దేశానికి ఢోకా లేదు బాబూ," అని వెళ్ళిపోయాడు. ఆ భుజాన్ని గుమాస్తా ఆ రోజంతా జాగ్రత్తగా చూసుకున్నాడు.

అదే మధ్యాహ్నం పెద్దాయన మొదటి చట్టం మీద సంతకం పెట్టాడు. అది పెళ్ళిళ్ళ నమోదు చట్టం. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఆ చట్టం కింద మొట్టమొదటి పెళ్ళి జరిగింది. వరుడు మన పదీ పది గారే. వధువు అప్పటికింకా బస్సు కండక్టరు కాలేదు గాని, బస్సులోనే వచ్చింది. పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ పదిహేను నిమిషాలను వరుడు జేబు డైరీలో రాసుకున్నాడు. ఏటా పెళ్ళిరోజున ఆ సంగతి సరదాగా గుర్తు చేస్తుంటాడు. (ఆవిడ నవ్విన దాఖలా డైరీలో లేదు.)

విషయం న్యాయ సలహాదారు దగ్గరికి వెళ్ళింది. ఆయన నలభై రెండు పేజీల అభిప్రాయం రాశాడు. సారాంశం ఇది: గైర్హాజరైన మనిషి ప్రమాణం చేయలేడు. ప్రమాణం చేయని మనిషి దేశాన్ని ప్రారంభించలేడు. ప్రారంభం కాని దేశంలో జరిగిన ఎన్నికలు, పడిపోయిన ప్రభుత్వాలు, నెగ్గిన అవిశ్వాస తీర్మానాలు, అన్నీ ప్రైవేటు వ్యక్తుల మధ్య జరిగిన వ్యవహారాలు. నిశ్శబ్ద కాలంలో జైలుకు వెళ్ళినవాళ్ళు లేని చట్టం కింద వెళ్ళినట్టు తేలింది. కాబట్టి అర్హత లేకుండా పదకొండు నెలలు ప్రభుత్వ వసతిలో ఎందుకు ఉన్నారో సంజాయిషీ ఇవ్వాలని వాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి.

ప్రభుత్వం ఏమాత్రం కంగారు పడలేదు. ఒక దిద్దుబాటు ఉత్తర్వు వేసింది. 'గడచిన పాతికేళ్ళ గణతంత్రం మీకు సమ్మతము కానిచో ముప్పై రోజుల్లో నిర్ణీత ఫారంలో తెలుపగలరు. జవాబు రానిచో సమ్మతముగా భావించబడును.' ఫారాలు ఇచ్చే కార్యాలయం, ఫారాలు అచ్చు వేయించే పని మీద ఆ ముప్పై రోజులూ మూసి ఉంది. ఆ విధంగా నూటికి నూరుపాళ్ళ ప్రజామోదం ఖాయమైంది. ఏ ఎన్నికల్లోనూ ఏ నాయకుడికీ అంత రాలేదు.

అయితే ఆవిర్భావ దినం నాడే జరిగిన పనులకు ఈ మౌనం చాలదని సలహాదారు మెలిక పెట్టాడు. అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి పెద్దాయన హాజరు, రెండోది ఆ పెళ్ళి. పెద్దాయనా, ఆ పెళ్ళికూతురూ స్వయంగా వచ్చి, ముప్పయ్యో రోజు ముగిసేలోపు, ప్రత్యేక రిజిస్టరులో సంతకం చేయాలి. వేళ మామూలే, పదీ పది. పెళ్ళికూతురు సమ్మతి ఫారం కూడా తేవాలి. రిజిస్టరు బాధ్యత అనుభవం దృష్ట్యా పదీ పది గారికే అప్పగించారు. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఏమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది.

ఉత్తర్వు వెలువడిన సాయంత్రమే ఇంట్లో ఆయన దాన్ని నిలబడి చదివాడు. ఆవిడ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, టికెట్ల సంచీ మేకుకు తగిలించి, గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చుంది.

"అంటే ఏమిటండీ?"

"అంటే మన పెళ్ళి చెల్లదు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆవిడ నీళ్ళలో కాలివేళ్ళు కదిపింది. "అంటే పాతికేళ్ళు టికెట్ లేకుండా ప్రయాణం చేశానన్నమాట."

"తప్పు నీది కాదులే. సాంకేతిక కారణం."

"టికెట్ లేనివాళ్ళు కూడా ఎప్పుడూ ఇలాగే అంటారు. వాళ్ళని నేనేం చేస్తానో తెలుసుగా? తర్వాతి స్టాపులో దింపేస్తాను."

కాలేజీ పుస్తకంలో తల దూర్చిన కూతురు తలెత్తింది. "మరి నా సంగతేంటి నాన్నా? నేను చెల్లుతానా?"

"నువ్వు చెల్లుతావమ్మా. జననాల నమోదు ఇంకా పాత పాలన చట్టం కిందే నడుస్తోంది. నీకు ఏ ఇబ్బందీ లేదు."

"హమ్మయ్య," అని కూతురు మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

ఆయన ఉత్తర్వుతో పాటే వచ్చిన సమ్మతి ఫారం బల్ల మీద పరిచి, తన భాగం నింపి సంతకం చేసి, పక్కన వేళ కూడా వేసి, కలం ఆవిడ వైపు తిప్పాడు. ఫారంలో ఒకటే ప్రశ్న ఉంది. 'కొనసాగింపు సమ్మతమేనా? అవును / కాదు.' ఆవిడ చేతులు తుడుచుకుని దాన్ని రెండుసార్లు చదివింది. పాతికేళ్ళలో ఈ దేశంలో తనను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి అనిపించిందో ఏమో, మూడోసారి కూడా చదివింది.

"ముప్పై రోజులు టైముందిగా. ఆలోచించి చెప్తాను," అని మడిచి టికెట్ల సంచీలో పెట్టుకుంది.

పదీ పది గారు నవ్వబోయాడు. ఆవిడ నవ్వడం లేదని చూసి మానుకున్నాడు.

మర్నాటికల్లా అత్తగారు పెట్టెతో దిగింది. అల్లుడు బాధపడుతున్నాడని ఓదార్చడానికి రాలేదు. "నేనప్పుడే చెప్పానా లేదా? ఆయన మొహంలో గడియారం తప్ప ఇంకేం కనపడట్లేదని చెప్పాను. వింటేగా," అంది చెప్పులు విప్పుతూనే. "ఆ పెంకుల కొట్టు అబ్బాయి నీకోసం బస్టాపులో రెండేసి గంటలు నిలబడేవాడు. ఎండా లేదు, వానా లేదు."

"అమ్మా, ఆ అబ్బాయి బస్సు కోసం నిలబడేవాడే," అంది ఆవిడ.

"అయితే మాత్రం? నిలబడ్డాడా లేదా?"

అల్లుడు గోడ గడియారం చూసి కంచం ముందు కూర్చున్నాడు. ఆ ఇంట్లో రాత్రి భోజనం ఎనిమిదీ పదికి. ఆ తర్వాత ఎవరు వచ్చినా గిన్నెల మీద మూతలు పడి ఉంటాయి, దీపం ఆరి ఉంటుంది. బస్సు దారిలో మొరాయించిన రోజుల్లో ఆవిడ చీకట్లో మూతలు తీసుకుని ఒక్కతే తిన్నది ఎన్నిసార్లో డైరీలో లేదు. ఎన్నిసార్లు ఆలస్యమైందో మాత్రం ఉంది.

రోజులు గడుస్తున్న కొద్దీ ఆయనకు అన్నం సహించడం మానేసింది. భయం వేసింది. ఉత్తర్వు గురించి కాదు, ఆవిడ లేని ఇల్లు గురించి. ఆ ఇంట్లో టైము చెప్పడానికి గడియారం ఉంటుంది గాని, ఎవరికి చెప్పాలి? ఏదో ఒకటి చేయాలని, ఆవిడ యూనిఫాం తనే ఇస్త్రీ చేసి పెట్టాడు. ఆవిడ "బాగుంది" అంది. చెప్పులు కొత్తవి తెచ్చాడు. "బాగున్నాయి" అంది. ఫారం మాత్రం సంచీ దాటి బయటికి రాలేదు.

ఇరవయ్యో రోజున ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "నీకేం లోటు చేశానో చెప్పు. రాతపూర్వకంగా అయినా ఫర్వాలేదు."

ఆవిడ చిల్లర సర్దడం ఆపింది. "పాతికేళ్ళలో నాకోసం ఒక్కసారైనా ఆగారా?"

ఆయన డైరీల కట్ట దించి, అరగంట వెతికి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు. "ఇదిగో. తొమ్మిదో ఏడు. స్టేషన్ బయట పన్నెండు నిమిషాలు ఆగాను."

"అప్పుడు వాన పడుతోంది. మీరు వాన కోసం ఆగారు." ఆవిడ గొంతు పెంచలేదు. "అమ్మాయి పుట్టిన రోజు గుర్తుందా? తొమ్మిదిన్నరకి ఆస్పత్రి నుంచి బయల్దేరారు, రిజిస్టరు వేళైపోతోందని. పిల్ల తొమ్మిదీ ముప్పావుకి పుట్టింది. నర్సు, పిల్ల నాన్న ఎక్కడని అడిగింది. నేను ఎటు చూడాలో తెలియక పిల్ల వైపు చూశాను."

'పిల్ల పదిహేను నిమిషాలు ఆలస్యం' అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక నిజాన్ని మింగేశాడు.

ఇక్కడ ఇలా ఉంటే అక్కడ పెద్దాయన వ్యవహారం కూడా తెగలేదు. ఆయన రిజిస్టరును తన ఇంటికే పంపమన్నాడు. ఆనాడు ఎదురుగా ఉన్న మైదానానికే వెళ్ళని రిజిస్టరు ఇప్పుడు ఊరి చివరికి ఎలా వెళ్తుందని విభాగం జవాబిచ్చింది. పోనీ కారు పంపండి అన్నాడు. మాజీ దేశాధినేతలకు కారు ఇవ్వవచ్చు గాని, తమరు ఇంకా దేశాధినేత అయినట్టు రుజువు కానందున వీలుపడదని, సంతకం చేసిన వెంటనే తిరుగు ప్రయాణానికి మాత్రం కారు ఇవ్వగలమని రాశారు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలతో ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి.

ముప్పయ్యో రోజు ఉదయం ఆవిడ ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"పదీ పది లోపు వస్తావా?"

"మొదటి ట్రిప్పు ఉంది. బస్సు ఎలా వస్తే అలా వస్తాను," అంది కొత్త చెప్పులు వేసుకుంటూ. "నిదానమే ప్రధానం అనేది కూడా సామెతేనండీ."

ఇది అవునో కాదో తెలియక ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా కార్యాలయం చేరాడు.

మెట్ల కింద గది కిటకిటలాడుతోంది. మంత్రిగారు, మేడమ్, న్యాయ సలహాదారు, కెమెరాలవాళ్ళు. పెద్దాయన బయట కారిడారులో ఉన్నాడని కబురు వచ్చింది. గేటు నుంచి గది దాకా దారి పొడుగునా జనం నమస్కారాలు పెడుతున్నారు, ఆయన ప్రతి నమస్కారానికీ రెండు ముక్కలు మాట్లాడుతున్నాడు. గోడ మీద గడియారం పదీ పది చూపించింది. పదీ పది గారు స్కేలు తీశాడు. గీత తిన్నగానే పడింది. మొదటి పేరు పక్కన ఎర్ర సిరాతో 'గైర్హాజరు' అని రాశాడు. రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి కలం కదల్లేదు. ఆ పేరు తన భార్యది. విదిలించి చూశాడు. సిరా ఉంది.

పదీ పన్నెండుకు పెద్దాయన లోపలికొచ్చాడు. ముడతలు పడ్డ మొహం, అదే నవ్వు. కలం కోసం చెయ్యి చాపాడు.

"పదీ పది దాటిందండీ," అన్నాడు పదీ పది గారు.

పెద్దాయన కళ్ళు చిట్లించి చూశాడు. "నువ్వా బాబూ. ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"చూడండి, ఇది దేశం విషయం," అన్నాడు మంత్రిగారు బల్ల మీదికి వంగి. మేడమ్ కూడా "రెండు నిమిషాలేగా" అని బతిమాలింది. ఆయన నాలుగో నియమం ఉన్న పేజీ తెరిచి వాళ్ళ వైపు తిప్పాడు. ఇంతమందిని కాదన్నందుకు ఆ పూట ఆయనకు ఏమాత్రం సంతోషం కలగలేదు. పెద్దాయన వెళ్ళి గోడవార బెంచీ మీద కూర్చున్నాడు.

పదీ పాతికకు ఆవిడ వచ్చింది. సంచీ పక్కకు జారి ఉంది, నుదుటి మీద చెమట, చేతిలో మడత పెట్టిన ఫారం. బస్టాపు నుంచి పరిగెత్తుకు వచ్చినట్టుంది. గడియారం చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"దాటిపోయిందాండీ?" అంది మెల్లగా.

గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన రిజిస్టరు చూశాడు, గీత చూశాడు, ఆవిడ కాళ్ళకున్న కొత్త చెప్పులు చూశాడు. ఆ చెప్పులతో ఆవిడ పరిగెత్తింది. లేచి స్టూలు లాక్కుని, ఎక్కి, గడియారం అద్దం తెరిచి, పెద్ద ముల్లును వెనక్కి తిప్పి పదీ అయిదు దగ్గర ఆపాడు. దిగి వచ్చి, గీతను, మొదటి పేరు పక్కన రాసినదాన్ని రెంటినీ కొట్టేసి, పక్కన 'పొరపాటు' అని రాసి సంతకం చేశాడు. పాతికేళ్ళ రిజిస్టర్లలో అది మొదటి కొట్టివేత.

"ఈ గడియారం ఇరవై నిమిషాలు ముందు నడుస్తోంది మేడమ్," అన్నాడు. "తొమ్మిదో నియమం ప్రకారం సరిచేశాను."

"ఎప్పట్నించి ముందు నడుస్తోందండీ?" అంది మేడమ్ నోరు వెళ్ళబెట్టి.

"పాతికేళ్ళుగా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. బల్ల దగ్గరకు వచ్చి, ఫారంలో 'అవును' దగ్గర టిక్కు పెట్టి, రిజిస్టరులో తన పేరు పక్కన తీరిగ్గా, అక్షరం అక్షరం సంతకం చేసింది. తర్వాత సంచీలోంచి టికెట్లకు చిల్లు పెట్టే కటకట తీసి, ఫారం మూల ఒక చిల్లు కొట్టి ఆయన చేతిలో పెట్టింది.

"దాచుకోండి. చెకింగువాళ్ళొస్తే చూపించాలి."

అప్పటికి టైము పదీ ఆరు. మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. దేశం దక్కింది. ఇద్దరు మనుషులు పెద్దాయనను బెంచీ మీంచి లేవదీశారు. ఆయన బల్ల దగ్గరకు వచ్చాడు. కలం చేతిలోకి తీసుకున్నాడు. రిజిస్టరు వైపు వంగాడు. అక్కడ ఆగి, నిటారుగా లేచి, కెమెరాల వైపు తిరిగాడు.

"ఈ చారిత్రక సందర్భంలో," అన్నాడు, "రెండే రెండు మాటలు చెప్పి ముగిస్తాను."

పదీ పది గారు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాక గడియారం చూశాడు. పెద్దాయన అప్పటికి తన బాల్యం దాకా వచ్చాడు. గడియారం పదీ పది దాకా వచ్చింది. ఆయన స్కేలు పెట్టి గీత గీశాడు. మొదటి వరుసలో రాయవలసింది రాసి, రిజిస్టరు మూసి, బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ప్రసంగం పదీ యాభై రెండుకు ముగిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఊరి చివరికి తిరిగి బస్సులోనే వెళ్ళాడు. ఆ బస్సు కండక్టరు ఆయనకు కిటికీ పక్క సీటు ఇప్పించి, టికెట్ కొట్టింది.

ఆ రాత్రి ఎనిమిదీ పదికి ఇంట్లో ఎవరూ కంచం ముందు కూర్చోలేదు. అత్తగారు రెండుసార్లు దగ్గింది. ఎనిమిదీ నలభైకి మెట్ల మీద కొత్త చెప్పుల చప్పుడు వినపడింది. అప్పుడు పదీ పది గారు లేచి నాలుగు కంచాలు పెట్టాడు. డైరీలో ఆ రోజు పేజీ ఖాళీగా ఉంది.

రజతోత్సవం అనుకున్న రోజునే ఘనంగా జరిగింది. పుస్తకంలో మొదటి మైలురాయి పేజీ మీద 'పరిశీలనలో ఉన్నది' అని వేశారు. గణతంత్రం చట్టప్రకారం ఇంకా ప్రారంభం కాలేదని తెలియజేస్తూ ప్రభుత్వం మరో ఉత్తర్వు వేసి, ఇందువల్ల తమ నిత్యజీవితంలో ఏదైనా తేడా కనిపించినవాళ్ళు ముప్పై రోజుల్లో తెలపాలని కోరింది. ఈసారి ఫారాల కార్యాలయం రోజూ తెరిచే ఉంచారు. ఒక్కరూ రాలేదు.